పచ్చబిళ్ళ

బయ్యన్న రెండో గ్లాసు టీ కూడా తాగేశాడు. అయినా లేచే సూచనేమీ కనిపించలేదు.

పొద్దున ఎనిమిది గంటలకు వచ్చాడు. వరండాలో కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని, ఒడిలో ఉన్న ప్లాస్టిక్ కవరును పది నిమిషాలకోసారి తడిమి చూసుకుంటున్నాడు. కవరులో ఉన్నది ఒకే ఒక్క కాగితం. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. కదిరిలో నెట్ సెంటరు తెరిపించి మరీ ప్రింటు తీయించుకొచ్చానని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు.

నల్లమాడ చుట్టుపక్కల నుంచి కువైట్‌కు డ్రైవర్లను పంపే ఏజెంటు ఒక ఇంటి ముందు ఇంతసేపు కూర్చున్నాడంటే ఆ ఇంటికి మంచి రోజులు కావని వీధిలో అందరికీ తెలుసు. ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలు వరుసలో పెట్టిన ఆడవాళ్ళు ట్యాంకరు వచ్చే దారి చూడడం మానేసి ఈ వరండా వైపే చూస్తున్నారు.

"టైమెంతయిందప్పా ఎర్రన్నా?" అన్నాడు బయ్యన్న.

"పదిన్నర."

"పన్నెండుంబావుకు ఫోన్ చేస్తాడు మీ తమ్ముడు. ఈ లోపల మీ మరదలు ఒక మాట మీదికొస్తే అందరికీ మంచిది. నాకూ మంచిదే, దాంట్లో దాచేదేముండాది?"

ఎర్రన్న మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ వేసుకున్నాడు.

గడప లోపల ఈశ్వరి విత్తనాల చెనక్కాయలు వలుస్తోంది. పునర్వసు కార్తె నడుస్తోంది, పైన చినుకు లేదు. వలిచిన విత్తనం ఎన్నాళ్ళో నిలవదని ఆమెకు తెలియకపోలేదు. చేతులు ఊరికే పెట్టుకుంటే ఏదో ఒకటి విసిరికొట్టాలనిపిస్తోంది, అందుకే వలుస్తోంది.

"అక్కా," అంది తల ఎత్తకుండా, "చెయ్యని తప్పుకు ఏంటికి సంతకం పెట్టాలంట? అడుగు బావను."

గడప మీద కూర్చున్న తోడికోడలు వనజాక్షి అటు తిరిగి, "చెయ్యని తప్పుకు ఏంటికి పెట్టాలంటాది," అంది.

ఎర్రన్న కూర్చున్న చోటికి ఈశ్వరి కూర్చున్న చోటికి మధ్య నాలుగు అడుగులు కూడా లేవు. ఆమె మాట ఆయనకు మొదటిసారే వినబడింది. అయినా ఈ ఇంట్లో పద్ధతి అది. ఈశ్వరి కాపురానికి వచ్చి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో మొగుడి అన్న ఎదుటికి వచ్చి నిలబడి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అడగాల్సింది వనజాక్షితో అడిగిస్తుంది, ఆయన చెప్పాల్సింది వనజాక్షితో చెప్పిస్తాడు. ఇల్లు తగలబడుతున్నా ఆ మాట వనజాక్షి మీదుగానే పోవాలి. ఇప్పుడు ఇల్లు తగలబడుతున్నంత పనే అయింది, పాపం వనజాక్షి మాటలు మోసి మోసి అలసిపోయింది.

"పెట్టకపోతే ఏమైతాదో చెప్పు ఆయమ్మకు," అన్నాడు ఎర్రన్న భార్యతో.

భార్య నోరు తెరిచేలోపల బయ్యన్నే అందుకున్నాడు. ఆయనకు ఆ పద్ధతులతో పని లేదు.

"ఇనమ్మా ఈశ్వరమ్మా, చక్కగా చెప్తా. కుళ్లాయప్ప పాస్‌పోర్టు ఆ అరబ్బు చిన్నసేటు జోబులో ఉండాది. సంతకం పెట్టినాడనుకో, జుల్మానా ఏస్తారు, సేటే కడ్తాడు, సేటు తల్లి ముసలమ్మతో పాటు మీ ఇంటాయన కూడా విమానమెక్కి కువైట్‌కొచ్చి పడతాడు. నౌకరీ నౌకరీ మాదిరే ఉంటాది. పెట్టలేదనుకో, వాండ్లు ముసలమ్మను తీసుకుని ఎళ్ళిపోతారు. ఈయప్ప ఆ జర్మనీలో ఆడనే. బాస రాదు, కాగితం లేదు. అప్పుడు నా దగ్గరికొచ్చి బయ్యన్నా బయ్యన్నా అంటే నేనేం చేసేది?"

"అక్కా, కేసు ఎవరి పేరు మీద రాసుకుంటారో అడుగు."

వనజాక్షి అడగలేదు. అడిగినా అడగకపోయినా వినాల్సినవాళ్ళు విన్నారు.

"పెద్ద కేసేం కాదులే తల్లీ," అన్నాడు బయ్యన్న. "దొంగ బిళ్ళ కేసు."

దొంగ అన్న మాట అంత సులువుగా ఆయన నోట్లోంచి జారేసరికి ఈశ్వరికి ఒళ్ళు మండిపోయింది. బయట బిందెల దగ్గర కూడా ఎవరో ఆ మాట విన్నట్టున్నారు. గుసగుసలు ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

బిళ్ళ అంటే ఏమిటో ఈశ్వరికి గురువారం దాకా తెలియదు. గురువారం కుళ్లాయప్ప ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెప్పినప్పుడే తెలిసింది. అరబ్బు ఇంటి ముసలమ్మకు కిడ్నీలు పోతే, రక్తం శుద్ధి చేయించడానికి కొడుకు చిన్నసేటు ఆమెను కువైట్ నుంచి జర్మనీలో మ్యూనిక్ అనే ఊరికి తీసుకుపోయాడు. ఇంటి డ్రైవరుగా కుళ్లాయప్పను కూడా వెంట తీసుకుపోయాడు. ఆ ఊరి నడుమ ఒక వలయం ఉందట. పొగ ఎక్కువ వదిలే బండ్లు ఆ వలయం లోపలికి రాకూడదట. బండి ఎంత పొగ వదులుతుందో చూసి ముందు అద్దానికి ఒక గుండ్రని బిళ్ళ ఇస్తారు. పొగ తగ్గేకొద్దీ ఎరుపు, పసుపు, పచ్చ. ఆ బిళ్ళ మీద బండి నంబరు పెన్నుతో రాసి ఉంటుంది. బిళ్ళ లేకుండా లోపలికి పోతే, అది ఏ దేశం బండి అయినా సరే, జుల్మానా రాస్తారు. ఆసుపత్రి ఉన్నది ఆ వలయం లోపలే.

అరబ్బువాళ్ళు కువైట్ నుంచి తెప్పించుకున్న కొత్త పెట్రోలు కారుకు పచ్చబిళ్ళ వచ్చింది. దాన్ని చిన్నసేటు పెళ్ళాం అంగళ్ళకు తిప్పుకుంటుంది. ముసలమ్మను ఆసుపత్రికి తీసుకుపోవడానికని చిన్నసేటు అక్కడే ఒక పాత డీజిలు వ్యాను కొన్నాడు. దానికి ఎరుపుబిళ్ళ కూడా రాదు. మరి గురువారం పోలీసులు ఆపినప్పుడు ఆ వ్యాను అద్దానికి పచ్చబిళ్ళ ఉంది. ఆ పచ్చబిళ్ళ మీద వ్యాను నంబరు కింద ఇంకేదో నంబరు లీలగా కనబడింది.

కదిరి రోడ్డు మీద పొగ రాని బండి ఉందంటే అది స్టార్టు కాలేదని అర్థం. అలాంటి చోట పుట్టి, జీపు పొగలోనే బండి నేర్చుకున్న మనిషిని తీసుకుపోయి పొగకు రంగులు కట్టే ఊళ్ళో దించారు. బిళ్ళ ఎవరంటించారో నాకు తెలియదని కుళ్లాయప్ప ఆ రోజు ఈశ్వరితో చెప్పాడు. ఆమె నమ్మింది. ఇంకెవరు అంటిస్తారు, బండి కొన్నవాడే అంటించి ఉంటాడు, దొరికాక డ్రైవరు మీదికి తోస్తున్నాడు. అరబ్బు కొడుకును మనసులో తిట్టని తిట్టు లేదు.

అంతవరకు బాగానే ఉంది. నిన్న ఆదివారం సాయంత్రం బయ్యన్న వచ్చి, "మీ ఇంటాయన ఏమన్నాడో తెలుసునా తల్లీ? 'ఈశ్వరి చెయ్యమంటే చేస్తా సంతకం' అన్నాడు," అని చెప్పిపోయాడు.

అప్పటినుంచి ఈశ్వరికి మింగుడు పడడం లేదు.

కువైట్‌కు పోతానన్నప్పుడు ఆమెను అడగలేదు. టికెట్టు వచ్చాక చెప్పాడు. బోరు వేయించేటప్పుడు అడగలేదు. చెల్లెలి కొడుక్కు తన గడియారం ఇచ్చేటప్పుడు కూడా అడగలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి, తన మెడ మీదికి వచ్చినప్పుడు, నువ్వు చెప్పినట్టే చేస్తానన్నాడు. ఇది ప్రేమో, తన బరువు తెచ్చి ఆమె నెత్తిన పెట్టడమో ఆమెకు తెలియలేదు. తెలియకపోగా కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు మళ్ళీ ఏడుపు వచ్చింది.

వనజాక్షి గడప మీద నుంచి లేచి లోపలికి వచ్చి, ఆమె పక్కన కూర్చుని, తనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంది.

"ఈశ్వరీ," అంది గొంతు తగ్గించి.

ఈశ్వరి ఇంకో కాయ వలిచింది.

"మీ బావ వీసా కాగితాలు కూడా ఆ బయ్యన్న సంచిలోనే ఉండాయి మే. అదే సేటు చెల్లెలింట్లో డ్రైవరు పని. వచ్చే నెలంటాండాడు."

"తెలుసక్కా."

"మన జీపు ఇంజను పట్టేసి ఏడాదాయ. దాంట్లో కోళ్ళు పండుకుంటాండాయి. నేనేం అడగను. నీ మొగుని సంగతి నీ ఇష్టం. ఊరికే చెప్తాండా, అంతే."

"ఊరికేనా చెప్తాండావు?"

వనజాక్షి చేతిలోని కాయలు అలాగే పట్టుకుంది. ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నవాళ్ళు. ఒకరి పురుడు ఒకరు పోసుకున్నవాళ్ళు. ఇప్పుడు ఒకరి మొగుడు వీసా అందుకోవాలంటే రెండో ఆమె మొగుడు తన పేరు మీద కేసు రాయించుకోవాలి. ఆ మాట నోటితో అనుకోవడానికి ఇద్దరికీ సిగ్గుగా ఉంది.

చివరికి ఈశ్వరే అంది. "సరే. ఆ కాగితంలో ఏం రాసినారో తెలుగులో చదివి చెప్పమను. తెలీకుండా నేనెట్ల చెయ్యమనేది?"

ఆ మాట వనజాక్షి మోసుకుపోయేసరికి బయ్యన్న మొహం చిట్లించుకున్నాడు.

"అదంతా కోర్టు బాస. ఇంటోళ్ళకేం తెలీదు, నేనే చేసినానని ఉండాది. అంతే."

"ఎట్ల చేసినాడని రాసినారు?" ఈసారి ఎర్రన్న అడిగాడు. ఆయన గొంతులో ఏదో తేడా ఉంది.

"ఏమప్పా, నీకూ కావాల్నా?" బయ్యన్న విసుక్కుంటూ కాగితం బయటికి తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషులో వేలు పెట్టి ఒక్కొక్క ముక్కా తెలుగు చేశాడు. "కువైట్ కారుకు గులకరాయి తగిలి ముందు గాజు పగిలింది. కొత్త గాజు బిగిచ్చినారు. పాత గాజు షెడ్డులో పారేసి ఉండాది. దాని మీద పచ్చబిళ్ళ అట్లనే ఉండాది. పీకితే చినిగిపోయేటట్టు చేసింటారంట ఆ బిళ్ళను. అందుకని ఈయప్ప ఏం చేసినాడంటే, గాజుకు అవతల పక్క తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టి ఎచ్చజేసినాడు. ఇవతల పక్క నుంచి బ్లేడుతో మెల్లగా తీసినాడు. నంబరు స్పిరిటుతో తుడిచి, వ్యాను నంబరు రాసినాడు. చాలునా?"

ఈశ్వరి చేతిలోని కాయ పగల్లేదు.

తడిగుడ్డ. ఇస్త్రీపెట్టె. ఇవతల నుంచి బ్లేడు.

ఆ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి ఇచ్చింది తనే. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఎర్రన్నకు రెండు జీపులు తిరిగే రోజుల్లో పర్మిట్టు చీటీ మాత్రం ఒకటే ఉండేది. ఏ జీపు కదిరి వైపు పోతే ఆ చీటీ ఆ జీపు అద్దం మీదికి మారేది. చిరగకుండా తీయడంలో ఎర్రన్న చేయి అంత చేయి ఈ మండలంలో లేదని డ్రైవర్లంతా మెచ్చుకునేవారు. బొగ్గులు వేసి ఇస్తూ ఈశ్వరి కూడా కొంగు చాటున నవ్వుకునేది. మొగుడు పక్కన కూర్చుని గుడ్డ తడిపి ఇచ్చేవాడు.

అరబ్బు కొడుక్కు ఈ విద్య ఎక్కడిది?

ఆమె లేచింది. ఒళ్ళో ఉన్న పొట్టు నేల మీద రాలింది. గడప దాటి వరండాలోకి వచ్చి ఎర్రన్న ఎదురుగా నిలబడింది. వనజాక్షి "ఏయ్ ఈశ్వరీ" అంటూ చెయ్యి చాచింది గానీ అందలేదు.

"బావా," అంది ఈశ్వరి. "నువ్వేనా చెప్పింది?"

ఎర్రన్న ఆమె వైపు చూడలేదు. ఎదుట నిలబడి మరదలు మాట్లాడుతుంటే ఎక్కడ చూడాలో ఆయనకు పదకొండేళ్ళలో అలవాటు కాలేదు. కుర్చీ కోడు వైపు చూశాడు.

"బావా, నిన్నే."

"అడిగినాడు," అన్నాడు ఎర్రన్న. "గాజు మీద చీటీ ఉండాది, చినగకుండా ఎట్ల తియ్యాలన్నా అని ఫోన్ చేసినాడు. చెప్తి. తమ్ముడు అడిగితే చెప్పనా?"

"ఏంటికని అడగలేదా?"

"అడిగేదేముండాది? మనమంతా చేసేదే కదా. మన చెక్‌పోస్టులో బండిని ఎవరు చూస్తారు? కాగితం చూస్తారు. ఆడ కూడా అంతే అనుకుంటి."

"ఆడ బండినే చూస్తారంట బావా."

"నాకేం తెలుసు!" ఎర్రన్న గొంతు పెద్దదైంది. "నేనేమన్నా జర్మనీ చూసినానా? పొగకు ఒక బిళ్ళ, ఆ బిళ్ళకు ఒక రంగు, ఆ రంగుకు ఒక పోలీసు! ఇట్లాంటివుంటాయని ఎవడనుకుంటాడు?"

"మరి నాలుగు దినాల్నుంచి నోరెత్తకుండా ఉండావే? చెయ్యని తప్పు చెయ్యని తప్పని నేను అరుస్తాంటే ఈడనే కూర్చుని ఇంటాండావే!"

ఎర్రన్న కళ్ళలో నీళ్ళు తిరగడం ఈశ్వరి చూసింది. చూసినా ఆమెకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని భయం మాత్రం కలిగింది.

బయ్యన్న కాగితం మడిచి కవరులో పెట్టుకున్నాడు. ఆయనకు ప్రాణం లేచివచ్చినట్టుంది.

"ఇంకేమమ్మా? తప్పు బయట లేదు, ఇంట్లోనే ఉండాది. చెప్పినోడు ఈయప్ప, చేసినోడు ఆయప్ప. చెయ్యని తప్పు అనే మాట పోయె. సంతకానికి అడ్డమేముండాది ఇంక?"

నిజమే, ఏముంది? నాలుగు రోజులుగా ఆమె కాలు మోపుకుని నిలబడిన మాట అదొక్కటే. దాన్ని ఎవరో పగవాళ్ళు తీసేయలేదు, మొగుడూ బావా కలిసి తీసేశారు. సంతకం పెట్టమంటే మొగుడు దొంగ. వద్దంటే పరాయి దేశంలో దిక్కులేనివాడు, ఇక్కడ బావ వీసా పోయి తోడికోడలు జీవితాంతం మొహం తిప్పుకుంటుంది. ఈశ్వరి వరండాలోనే స్తంభానికి ఆనుకుని నిలబడింది. మళ్ళీ గడప లోపలికి పోలేదు.

గంటన్నర గడిచింది. ట్యాంకరు వచ్చింది. బిందెల దగ్గర కొట్లాట జరిగింది. ఈ ఇంటి బిందెలు వరుసలోనే ఉండిపోయాయి, వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

పన్నెండూ పదికి ఎర్రన్న చైనా ఫోను మోగింది. దాని చప్పుడుకు వీధి చివర కుక్క కూడా లేచింది. ఎర్రన్న ఫోను తీసి మరదలికి ఇవ్వబోయి, అలవాటు కొద్దీ వనజాక్షికి ఇచ్చాడు. వనజాక్షి చేతిలోంచి ఈశ్వరి లాక్కుంది. బయ్యన్న ముందుకు వంగి స్పీకరు మీట నొక్కాడు.

"ఈశ్వరీ?"

"చెప్పు."

"పోలీసు ఆఫీసు బయట ఉండా. ముందర ముసలమ్మను ఆసుపత్రిలో దిగబెట్టొస్తిమి. చిన్నసేటు లోపల మాట్లాడతాండాడు. ఒక ఐదు నిమిషాలుండాది. ఏం చెయ్యమంటావు?"

"ముందు నేనడిగేదానికి చెప్పు. బిళ్ళ ఎవరంటించింది?"

అవతల బండ్లు పోతున్న చప్పుడు వినబడింది. ఎంత పొగ లేని ఊరైనా బండ్ల చప్పుడు మాత్రం ఉన్నట్టుంది.

"నేనే," అన్నాడు కుళ్లాయప్ప.

"నాకు తెలీదని ఏంటికి చెప్తివి?"

"నువ్వు తిడ్తావని."

ఇంత దూరం పోయి, ఇంత కష్టంలో పడి, ఆ మనిషి భయపడింది తన తిట్లకా! ఈశ్వరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఎవరన్నా చెయ్యమన్నారా? నిజం చెప్పు. అందురూ ఇంటాండారు, అయినా చెప్పు."

"బిళ్ళ లేదని ముందే ఒకసారి జుల్మానా రాసినారు. చిన్నసేటు నన్ను షెడ్డులోకి పిల్చుకపోయినాడు. 'అమ్మ వారానికి మూడుసార్లు టైముకు మిషను కాడ ఉండాల. బండి ఇదే. ఎట్ల తీసుకపోతావో నీ పని' అన్నాడు. అని పగిలిన గాజు దిక్కు చేయి చూపిచ్చినాడు. నోటితో ఏం చెప్పలేదు. చేత్తో చూపిచ్చి, స్పిరిటు సీసా నా చేతిలో పెట్టి ఎళ్ళిపాయె."

బయ్యన్న గొంతు సవరించుకున్నాడు. "కుళ్లాయప్పా, ఇవన్నీ ఇప్పుడేంటికప్పా? ఎవరు చూసినారు చేయి చూపిచ్చింది? నువ్వు గమ్మున..."

"నువ్వు గమ్మునుండన్నా," అంది ఈశ్వరి. ఆమె బయ్యన్నతో అలా మాట్లాడగలదని ఆ వరండాలో ఎవరికీ తెలియదు, ఆమెతో సహా.

స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది. వనజాక్షి కళ్ళు తన మొహం మీదే ఉన్నాయని చూడకుండానే తెలుస్తోంది. ఆ కళ్ళలోకి చూస్తే మాట మారిపోతుందని నేల వైపు చూస్తూ చెప్పింది.

"సంతకం పెట్టొద్దు. జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వు చేసింది నేనే చేసినానని చెప్పు. సీసా ఇచ్చినోడు ఇచ్చినాడని చెప్పు. ఇంటోళ్ళకేం తెలీదనే మాట మాత్రం నీ నోటితో చెప్పొద్దు. నిన్ను ఆడ ఇడ్చిపెట్టి పోతే పోనీ. కూలికి పోయో, అడుక్కునో, ఎట్లో నిన్ను ఇంటికి తెచ్చుకుంటా."

అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. వనజాక్షి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈశ్వరి ఫోను ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"ఇంటాండావా?"

"ఇంటాండా."

"మరి?"

"నిన్ననే చేసేసినా ఈశ్వరీ."

"ఏంది?"

"సంతకం. నిన్న మధ్యాన్నమే. చిన్నసేటు రాసుకొచ్చినాడు. గాజు ఎట్ల ఎచ్చబెట్టినానో అడిగి అడిగి రాసుకున్నాడు. పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, పక్కనే పెన్ను పెట్టినాడు. చేసేస్తి."

ఈశ్వరి బయ్యన్న వైపు చూసింది. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. తడిగుడ్డ సంగతి, ఇస్త్రీపెట్టె సంగతి కుళ్లాయప్ప చెప్పకుండా ఆ కాగితం మీదికి ఎలా వస్తాయి? ఆ ముక్క తనకు ముందే తట్టాల్సింది. సంతకం అయిపోయిన సంగతి తెలిసే ఈ మనిషి పొద్దున్నుంచి ఇక్కడ కూర్చున్నాడు. ఆయనకు కావలసింది సంతకం కాదు, ఆమె మాట. రేపు ఏదైనా అయితే, పెళ్ళాం చెప్తేనే పెట్టినాడు, నలుగురూ విన్నారు, అనడానికి.

"అయితే నన్నెందుకడిగితివి?" అంది ఫోనులో.

"నువ్వూ చెయ్యమంటావనుకుంటి. చెయ్యమంటే నాకు కొంచెం... నిద్ర పట్టేది."

ఈశ్వరి కళ్ళు మూసుకుంది. ఇంత కోపం ఆమెకు జన్మలో రాలేదు. ఇంత జాలి కూడా రాలేదు. రెండూ ఒకే మనిషి మీద, ఒకేసారి.

"ఇంకోటి కూడా ఉండాది," అన్నాడు కుళ్లాయప్ప. ఇప్పుడు గొంతు బాగా తగ్గించాడు. "కాగితం చాలదంట. లోపల చదివి ఇనిపిస్తారంట. ఇది నీ మాటేనా అని నోటితో అడుగుతారంట. దానికి తెలుగు మనిషిని పిలిపిచ్చినారు. ఆడమనిషి. ఇందాక తలుపు కాడ నమస్తే పెట్టె. వాండ్ల బాసలో అడిగింటే తల ఊపేస్తుంటి. అరబ్బీలో అడిగినా ఊపేస్తుంటి. ఎదురుగా కూర్చుని తెలుగులో అడిగితే ఎట్లనే?"

ఈశ్వరి జవాబు వెతుక్కునేలోపల అవతల ఎవరో పిలిచారు. తలుపు తెరుచుకున్న చప్పుడు.

"పిలిచినారు. ఫోన్ పెట్టేయొద్దు ఈశ్వరీ. జోబులో ఏసుకుంటా."

గుడ్డ రాసుకున్న చప్పుడు. అడుగులు. కుర్చీ జరిపిన చప్పుడు. తెలియని భాషలో మగ గొంతు ఒకటి చాలాసేపు చదివింది. ఆ తర్వాత, నల్లమాడ వరండాలో, చైనా ఫోనులోంచి, కోస్తా తెలుగులో ఒక ఆడమనిషి గొంతు చాలా నెమ్మదిగా వినబడింది.

"కంగారు పడకండి కుళ్లాయప్పగారూ. మీరు చెప్పింది చెప్పినట్టు నేను వీళ్ళకు చెబుతాను. ఈ కాగితంలో రాసిన మాటలన్నీ మీవేనా?"

బయ్యన్న చేయి ఫోను మీదికి వచ్చింది, కట్ చేయడానికి. ఈశ్వరి ఫోనును గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. వనజాక్షి ఆమె పక్కకు వచ్చి నిలబడింది. ఫోను లాక్కోవడానికో, అడ్డం నిలబడడానికో ఆమె మొహం చూస్తే తెలియడం లేదు.

అవతల ఎవరో పెన్ను మూత తీసిన చప్పుడు కూడా వినబడింది.

"మాకొక అన్న ఉండాడమ్మా," అన్నాడు కుళ్లాయప్ప. "మా ఊర్లో. ఆయన పేరు ఎర్రన్న."

ఎర్రన్న గోడకు జారగిలబడి అలాగే కింద కూర్చుండిపోయాడు. బయ్యన్న చాచిన చేయి వెనక్కి తీసుకుని, పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు. తప్పు ఆ అన్న మీదే ఆగిపోతే అరబ్బు ఇల్లు చల్లగా ఉంటుంది.

"చెప్పండి," అంది ఆ గొంతు. "ఆయన ఏం చేశారు?"

ఈశ్వరి ఫోను చెవికి ఆనించుకుని సీసా ఇచ్చినవాడి పేరు కూడా వస్తుందా అని అతని రెండో మాట కోసం నిలబడింది.